కాటా మాట కంప్యూటరుకు చేరనప్పుడు

తెల్లవారుజామున పాల కేంద్రం ముందు వరుసలో నిలబడిన సభ్యునికి కావలసినవి రెండే. తాను పోసిన పాల బరువు సరిగా పుస్తకానికెక్కాలి. ఆ పాలలోని వెన్న శాతం సరిగా పుస్తకానికెక్కాలి. మిగిలిన లెక్కలన్నీ ఈ రెండింటి మీదనే ఆధారపడి ఉంటాయి.

కొలపాత్రతో కొలిచి, రిజిస్టరులో రాసి, నమూనా సీసాలను గెర్బర్ పద్ధతిలో పరీక్షించిన రోజులలో ఈ రెండు అంకెలూ మనిషి కంటి నుండి మనిషి చేతికి వెళ్ళేవి. నేడు అనేక సంఘాలలో ఎలక్ట్రానిక్ కాటా, పాల పరీక్ష యంత్రం, కంప్యూటరు ఒకే బల్ల మీద ఉంటున్నాయి. కాటా చూపిన అంకె ఒక తీగ గుండా కంప్యూటరుకు చేరుతుంది. కంప్యూటరు దానిని సభ్యుని నంబరుకు జతచేసి చీటీ ఇస్తుంది. ఆ తీగ తగిలించే చోటును సీరియల్ పోర్టు అంటారు.

ఈ పోర్టు సరిగా పనిచేయని రోజున కార్యదర్శి అంకెలను చేతితో కొట్టవలసి వస్తుంది. వరుస పెరుగుతుంది, పాలు వేడెక్కుతాయి, అనుమానాలు మొదలవుతాయి. అంతకన్నా చెడ్డ సంగతి మరొకటి ఉన్నది. కొన్నిసార్లు పోర్టు పనిచేస్తున్నట్టే కనిపిస్తూ తప్పు అంకెను పంపుతుంది. కనుక ఈ వ్యవహారం ప్రోగ్రాము రాసినవారికి మాత్రమే తెలిస్తే చాలదు. కార్యదర్శికి, పాలకవర్గానికి, పాలు పోసే సభ్యునికి కూడా కొంత తెలిసి ఉండాలి. అందుకే ఈ వ్యాసం.

తీగలో జరిగేది ఏమిటి?

కాటాకూ కంప్యూటరుకూ మధ్య ఉండే పద్ధతిని ఆర్.ఎస్.-232 అంటారు. ఇది 1960లో అమెరికాలో ఏర్పడిన ప్రమాణం. ఇంత పాతదైనా తూకపు యంత్రాలు, పరీక్ష యంత్రాలు నేటికీ దీనినే వాడుతున్నాయి. కారణం, ఇది చాలా సులువైనది. పంపడానికి ఒక తీగ, అందుకోవడానికి ఒక తీగ, ఉమ్మడిగా ఒక తీగ, మొత్తం మూడు తీగలతో పని జరిగిపోతుంది.

కాటా 12.45 అని చెప్పదలచినప్పుడు ఆ అయిదు గుర్తులను ఒకదాని వెనుక ఒకటిగా పంపుతుంది. ఒక్కొక్క గుర్తు 8 బిట్లు. ముందు మొదలు తెలిపే బిట్టు ఒకటి, చివర ముగింపు తెలిపే బిట్టు ఒకటి కలిసి 10 బిట్లు అవుతాయి. వేగం 9600 బాడ్ అంటే సెకనుకు 9600 బిట్లు, అనగా 960 గుర్తులు. వరుస పూర్తయిందని తెలపడానికి చివర కంటికి కనపడని ముగింపు గుర్తు ఒకటో రెండో ఉంటాయి.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటి గమనించాలి. ఎంత వేగంతో పంపుతున్నదో కాటా ముందుగా చెప్పదు. వేగం, బిట్ల సంఖ్య, పారిటీ, ముగింపు బిట్లు అనే నాలుగు సంగతులూ రెండు వైపులా ఒకే విధంగా అమర్చి ఉండాలి. ఏ ఒక్కటి తేడా వచ్చినా మాట అర్థం కాదు.

ముందుగా తప్పు ఏ వైపున ఉన్నదో తేల్చుకోవాలి

అంకె రాకపోగానే ప్రోగ్రామును తిట్టుకోవడం, మెకానిక్కుకు కబురు పెట్టడం మామూలు. దానికి ముందు పది నిమిషాలలో చేయగల పరీక్ష ఒకటి ఉన్నది.

కంప్యూటరు వెనుక సీరియల్ పోర్టుకు 9 పిన్నులు ఉంటాయి. వాటిలో 2వ పిన్ను అందుకునేది, 3వ పిన్ను పంపేది, 5వ పిన్ను ఉమ్మడి. కాటా తీగను తీసివేసి, 2, 3 పిన్నులను చిన్న తీగముక్కతో కలిపి, ఏదైనా టెర్మినల్ ప్రోగ్రాములో అక్షరాలు కొట్టి చూడాలి. కంప్యూటరు పంపినది దానికే తిరిగి వచ్చి, కొట్టిన అక్షరం తెరమీద కనిపిస్తే పోర్టు, డ్రైవరు బాగున్నట్టు. కనిపించకపోతే తప్పు కంప్యూటరు వైపే ఉన్నది, కాటాను విప్పవలసిన పని లేదు. ఈ పరీక్ష చేసేటప్పుడు టెర్మినల్‌లో కొట్టిన అక్షరాన్ని తానే చూపించే సదుపాయాన్ని ఆపివేయాలి. లేకపోతే పోర్టు చచ్చి ఉన్నా బతికి ఉన్నట్టు భ్రమ కలుగుతుంది.

పోర్టు బాగున్నదని తేలిన తరువాత కాటా తీగ తగిలించి అదే టెర్మినల్ ప్రోగ్రాములో చూడాలి. అక్కడ బరువు శుభ్రంగా కనిపిస్తే కాటా, తీగ, అమరికలు అన్నీ సరైనవే. అప్పుడు మాత్రమే పాల లెక్కల ప్రోగ్రామును అనుమానించాలి.

పోర్టు తెరుచుకోకపోతే

పాల లెక్కల ప్రోగ్రాములు విజువల్ బేసిక్‌లోనో, పైథాన్‌లోనో, అటువంటి మరొక భాషలోనో రాసి ఉంటాయి. ఈ భాషలలో పోర్టును తెరవడం ఒక్క వరుస పని. అయితే ఆ ఒక్క వరుస దగ్గరే సగం చిక్కులు వస్తాయి.

మొదటిది పేరు. కామ్ 1, కామ్ 3 అని విండోస్ పోర్టులకు నంబర్లు ఇస్తుంది. నేటి కంప్యూటర్లలో చాలావాటికి సీరియల్ పోర్టు ఉండటం లేదు గనుక యు.ఎస్.బి. మార్పిడి తీగ వాడుతున్నాము. చాలా రకాల మార్పిడి తీగలను ఒక రంధ్రంలో నుండి తీసి పక్క రంధ్రంలో పెడితే నంబరు మారిపోతుంది. ప్రోగ్రాము పాత నంబరునే వెతుకుతూ ఉంటుంది. తుడిచేటప్పుడు తీగ పీకి వేరే చోట పెట్టడం వల్ల వచ్చే ఫిర్యాదు ఇదే. రంధ్రానికీ తీగకూ ఒకే రంగు చుక్క పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

రెండవది పెద్ద నంబర్లు. విండోస్‌లో కామ్ 9 వరకు మామూలు పేరుతో తెరుచుకుంటుంది. 10 మొదలుకొని, పేరుకు ముందు రెండు వెనుక గీతలు, ఒక చుక్క, మరొక వెనుక గీత చేర్చి విండోస్‌ను అడగాలి. పైథాన్‌లో వాడే పైసీరియల్ ఈ పనిని తానే చేసుకుంటుంది. విజువల్ బేసిక్ 6 వెంట వచ్చిన పాత సీరియల్ సాధనం 16 దాటిన నంబరును ఒప్పుకోదు, 8002 అనే తప్పు సంఖ్య చూపుతుంది. అప్పుడు డివైస్ మేనేజరులోకి వెళ్ళి పోర్టుకు చిన్న నంబరు ఇవ్వాలి.

మూడవది, పోర్టు వేరొకరి చేతిలో ఉండటం. సీరియల్ పోర్టును ఒకసారి ఒక ప్రోగ్రాము మాత్రమే పట్టుకోగలదు. పరీక్ష కోసం తెరిచిన టెర్మినల్ మూయకపోయినా, పాల ప్రోగ్రాము రెండుసార్లు తెరుచుకున్నా రెండవదానికి అనుమతి లేదని జవాబు వస్తుంది. పైథాన్‌లో పోర్టే లేకపోతే ఒక రకం సందేశం, ఉండి వేరొకరు వాడుతుంటే అనుమతి నిరాకరణ సందేశం వస్తాయి. ఈ రెండింటి తేడా గమనిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది. లినక్స్ కంప్యూటర్లలో అనుమతి నిరాకరణకు మరో కారణం ఉన్నది. అనేక లినక్స్ రకాలలో వాడుకరిని డయల్‌అవుట్ అనే గుంపులో చేర్చి, ఒకసారి బయటకు వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలి.

నాలుగవది వింతగా తోస్తుంది. కంప్యూటరు వేసినప్పుడు కాటా ఆగకుండా బరువు పంపుతూ ఉంటే, విండోస్ ఆ మాటలను విని, సీరియల్ మౌస్ తగిలించారని పొరబడుతుంది. తెరమీది బాణం తనంతట తాను గెంతుతుంది. పాల ప్రోగ్రాముకు పోర్టు దొరకదు. ఇది వైరస్ కాదు. డివైస్ మేనేజరులో మౌసుల జాబితాలో చేరిన ఆ కొత్త మౌసును నిలిపివేయాలి. కంప్యూటరు పూర్తిగా లేచిన తరువాత కాటా తీగ తగిలించడం మరొక ఉపాయం.

పోర్టు తెరుచుకున్నా అంకె రాకపోతే

అన్నిటికన్నా ముందు తీగను చూడాలి. రెండు వైపులా పంపే పిన్నులే కలిసిపోతే ఇద్దరూ మాట్లాడతారే గాని వినేవారు ఉండరు. కొన్ని యంత్రాలకు నేరు తీగ, కొన్నింటికి అడ్డంగా మార్చిన తీగ కావాలి. యంత్రంతో వచ్చిన తీగను పోగొట్టుకొని బజారులో దొరికిన దానిని తగిలించినప్పుడు ఈ ఇబ్బంది వస్తుంది.

తరువాత యంత్రం అలవాటు తెలుసుకోవాలి. కొన్ని కాటాలు ఎడతెగకుండా పంపుతాయి. కొన్ని ప్రింటు మీట నొక్కినప్పుడే పంపుతాయి. కొన్ని కంప్యూటరు అడిగినప్పుడే పలుకుతాయి. ఈ అలవాటు కాటా మెనూలో మారిపోతే ప్రోగ్రాము ఎదురు చూస్తూ కూర్చుంటుంది.

మూడవ కారణం ప్రోగ్రాములోనే ఉంటుంది. 'ఒక వరుస చదువు' అన్న ఆదేశం సాధారణంగా 10వ నంబరు ముగింపు గుర్తు వచ్చేవరకు ఆగుతుంది. కొన్ని కాటాలు 13వ నంబరు గుర్తును మాత్రమే పంపి ఊరుకుంటాయి. ప్రోగ్రాముకు వరుస ముగిసినట్టు ఎన్నడూ తెలియదు. పైసీరియల్‌లో కాల పరిమితి పెట్టకపోతే అది ఎంతకాలమైనా ఆగుతుంది, తెర బిగుసుకుపోతుంది. కాటా పంపే ముగింపు గుర్తు ఏదో చూసి దానినే ప్రోగ్రాముకు చెప్పాలి. ఒకటి రెండు సెకన్ల పరిమితి తప్పక పెట్టాలి.

పిచ్చి గుర్తులు వస్తే

అన్నీ అర్థం కాని గుర్తులే వస్తే వేగం తేడా అని అనుకోవాలి. కాటా 2400లో, కంప్యూటరు 9600లో ఉంటే ఇలా జరుగుతుంది. 1200, 2400, 4800, 9600 వరుసగా మార్చి చూస్తే సరైనది బయటపడుతుంది.

కొన్ని అంకెలు సరిగా, కొన్ని పిచ్చిగా వస్తే అది పారిటీ తేడా. ఇది సభ్యుని జేబుకు సూటిగా తగిలే తప్పు గనుక వివరంగా చెబుతాము. యంత్రం 7 బిట్లు, సరి పారిటీతో పంపుతున్నది, ప్రోగ్రాము 8 బిట్లు, పారిటీ లేకుండా చదువుతున్నది అనుకుందాం. అప్పుడు 0, 3, 5, 6, 9 అంకెలు, దశాంశ బిందువు సరిగానే వస్తాయి. 1, 2, 4, 7, 8 అంకెలు మాత్రం చెడిపోతాయి. ఎందుకంటే ఈ అయిదింటి బిట్లలో ఒకట్ల సంఖ్య బేసి. దానిని సరిచేయడానికి యంత్రం చేర్చిన పారిటీ బిట్టును ప్రోగ్రాము అంకెలో భాగమని అనుకుంటుంది.

గుర్తులు పిచ్చిగా కనిపిస్తే ఎవరైనా కనిపెడతారు. కాని కొందరు ప్రోగ్రాము రాసేవారు, తప్పు సందేశాలు విసిగిస్తున్నాయని, అర్థం కాని గుర్తులను చప్పుడు చేయకుండా వదిలివేయమని రాస్తారు. అప్పుడు వెన్న 6.3 అయితే 6.3గానే నమోదవుతుంది. 6.8 అయితే 8 రాలిపోయి 6.0గా నమోదవుతుంది. ఏ తప్పు సందేశమూ రాదు. సభ్యుడు తన గేదెకు వెన్న తగ్గిందని దాణా మారుస్తాడు! కనుక అర్థం కాని గుర్తు వస్తే ప్రోగ్రాము దానిని మింగరాదు. ఆ కొలతనే తిరస్కరించి మళ్ళీ అడగాలి.

అంకె బాగానే ఉంటుంది, మనిషి మారతాడు

అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పును మేము ఒక సంఘంలో చూశాము. కాటా మీద 4.20 కిలోలు కనిపించింది. చీటీలో 6.85 వచ్చింది. ముందు పాలు పోసిన సభ్యురాలి బరువు 6.85. ప్రోగ్రాము ఆపి మళ్ళీ వేస్తే ఒకరిద్దరికి సరిగా వచ్చి తిరిగి మొదలయ్యేది. కాటా చెడిపోయిందని కొందరు, కార్యదర్శి తారుమారు చేస్తున్నాడని కొందరు అన్నారు. రెండూ నిజం కాదు.

జరిగినది ఇది. ఆ కాటా సెకనుకు 10 సార్లు బరువు పంపుతున్నది. ఒక్కొక్క వరుస 10 గుర్తులు. ప్రోగ్రాము సెకనుకు 5 వరుసలే చదువుతున్నది. చదవని వరుసలు ఎక్కడికి పోతాయి? కంప్యూటరు వాటిని ఒక నిలువ గదిలో వరుసగా పేర్చుతుంది. ఆ గదిలో 4096 గుర్తులు, అంటే 409 వరుసలు పడతాయి. సెకనుకు 5 చొప్పున 409 వరుసలు చదవడానికి దాదాపు 82 సెకన్లు పడుతుంది. గది నిండిన తరువాత ప్రోగ్రాముకు కనిపించే ప్రతి బరువూ 82 సెకన్ల కిందటిది. ఒక్కొక్క సభ్యునికి నిమిషం చొప్పున పడుతుంటే ఒకరి బరువు మరొకరి పేర పడక ఏమవుతుంది?

పూట చివర మొత్తం చూస్తే తేడా పెద్దగా తెలియలేదు. అందరి బరువులూ ఒక స్థానం కిందికి జరిగాయి గాని ఎక్కడికీ పోలేదు. క్యాన్ల మొత్తం, చీటీల మొత్తం ఇంచుమించు కలిసిపోయాయి. మొత్తం కలిసింది గనుక లెక్క సరైనదే అని పాలకవర్గం నమ్మింది. కాని 4.20 పోసినవారికి 6.85 పడితే 2.65 కిలోల తేడా. లెక్క కోసం వెన్న 7 శాతం, కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుంటే ఒక్క పూటకు 148 రూపాయలు. ఒకరికి లాభం, మరొకరికి నష్టం.

దీనిని పట్టుకున్నది కాటా మీది అంకెనూ చీటీలోని అంకెనూ పోల్చి చూసిన సభ్యుడు. తరువాత పాలకవర్గం ఆ పూటల చీటీలను ముందువేసుకొని, పాత పూటల సగటులతో పోల్చి, సభ్యుల ఎదుట చదివి, తరువాతి బిల్లులో సవరించింది. ప్రోగ్రాములో మార్చినది మూడు వరుసలే.

ఇటువంటిదే మరొకటి ఉన్నది. ప్రోగ్రాము వరుస మధ్యలో వినడం మొదలుపెడితే 12.45లో మొదటి 1 దాటిపోయి 2.45 అందుతుంది. అది కూడా చక్కని అంకే. 10 కిలోల పాలు మాయమవుతాయి. పై ధర ప్రకారం 560 రూపాయలు!

ప్రోగ్రాము రాసేవారిని మనం అడగవలసినవి

సంఘం కొత్త ప్రోగ్రాము కొనేటప్పుడు, పాతది బాగు చేయించేటప్పుడు ఈ ప్రశ్నలు అడగాలి.

1. బరువు తీసుకునే ముందు నిలువ గదిని ఖాళీ చేస్తున్నదా?

2. ఖాళీ చేసిన తరువాత వచ్చే మొదటి వరుసను, అది సగం వరుస కావచ్చును గనుక, వదిలివేస్తున్నదా?

3. వరుస పొడవు, మొదలు గుర్తు, ముగింపు గుర్తు సరిచూస్తున్నదా?

4. వరుసగా మూడు కొలతలు ఒకటిగా వచ్చిన తరువాతనే బరువు నిలిచిందని ఒప్పుకుంటున్నదా?

5. అర్థం కాని గుర్తు వస్తే కొలతను తిరస్కరిస్తున్నదా, లేక గుర్తును మింగి మిగిలినది రాస్తున్నదా?

6. యంత్రం పలకకపోతే పాత అంకెను అలాగే ఉంచుతున్నదా? ఉంచరాదు. తెర ఖాళీగా చూపాలి.

7. చేతితో కొట్టిన అంకెకు చీటీ మీద వేరే గుర్తు వేస్తున్నదా? ఇది సభ్యునికీ, నిజాయితీగల కార్యదర్శికీ రక్ష.

పైథాన్‌లో రాసేవారికి ఒక మాట. పైథాన్ 3లో పోర్టు నుండి వచ్చేవి బైట్లు, అక్షరాలు కావు. వాటిని అక్షరాలుగా మార్చేటప్పుడు తప్పులను వదిలివేయమనే సదుపాయం ఉన్నది. పాల లెక్కలో దానిని వాడరాదు. పైన చెప్పిన 6.8 వెన్న 6.0 కావడానికి అదొక్కటే చాలు.

తడి, ఎర్తు, తీగ

పాల కేంద్రం ఆఫీసు గది వంటిది కాదు. రోజుకు రెండు పూటలు కడుగుతాము. తడి తగిలిన పిన్నులకు చిలుము పడుతుంది. ఉదయం పనిచేసి సాయంత్రం మొరాయించే పోర్టుకు చాలాసార్లు ఇదే కారణం. తీగ కొసలను మరలతో బిగించాలి, నేల మీద వేలాడనీయరాదు. ఆర్.ఎస్.-232 తీగ పొడవు సుమారు 15 మీటర్లు దాటకుండా చూసుకోవడం మంచిది. మోటారు, కరెంటు తీగల పక్కన దానిని కట్టరాదు.

కాటా ఒక ఎర్తు మీద, కంప్యూటరు మరొక ఎర్తు మీద ఉంటే, లేక ఎర్తే లేకపోతే, ఆ తేడా సీరియల్ తీగ గుండా ప్రవహించి పోర్టును కాల్చివేయవచ్చు. రెండింటినీ ఒకే ఎర్తు ఉన్న పలక మీద పెట్టాలి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు పని ముగియగానే తీగను తీసివేయాలి. యంత్రాలు నడుస్తుండగా తీగ పీకడం, పెట్టడం అలవాటు చేసుకోరాదు.

సభ్యులు చేయవలసినది

ఇదంతా చదివి, మాకు కంప్యూటరు తెలియదు, మేమేం చేయగలం అని సభ్యులు అనుకోవచ్చు. సభ్యుడు చేయగలిగినది అన్నిటికన్నా గట్టి పరీక్ష. కాటా అద్దం మీది అంకెను చూడండి. చీటీలో అంకెను చూడండి. రెండూ ఒకటేనా? పాల పరీక్ష యంత్రం చూపిన వెన్న శాతమూ అలాగే చూడండి. తేడా ఉంటే అక్కడే, ఆ వరుసలోనే చెప్పండి. మర్నాడు చెబితే నిరూపించడం కష్టం.

కార్యదర్శులు ప్రతి పూటా మొదలుపెట్టే ముందు తెలిసిన బరువు రాయి ఒకటి కాటా మీద పెట్టి కంప్యూటరులో అదే అంకె వస్తున్నదో లేదో చూడాలి. పూట మధ్యలో, రద్దీగా ఉన్నప్పుడు, మరొకసారి చూడాలి. పైన చెప్పిన తప్పు మొదటి ఒకరిద్దరికి కనపడదు గనుక ఈ రెండవ పరీక్షే ముఖ్యం. కాటా వేగం, బిట్లు, పారిటీ, పోర్టు నంబరు ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించుకోవాలి. మెకానిక్కు మారినా, కంప్యూటరు మారినా ఆ అట్ట ఉపయోగపడుతుంది.

యంత్రం తెచ్చినది తూకంలో వాదులు తీరాలని. కాటా మాట కంప్యూటరుకు సరిగా చేరుతున్నదో లేదో మనం కనిపెట్టి ఉన్నంతకాలమే ఆ మేలు దక్కుతుంది.